టెక్సాస్ నర్సింగ్ కాలేజీ: బోర్డు అప్రూవల్ ఉందట, అక్రిడిటేషన్ లేదట. చేరొచ్చా?

డాలస్_శ్రావణి:
అందరికీ నమస్తే. హెచ్4 (మావారి హెచ్1బీ మీద డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను, ఇండియాలో బీకామ్ చేశాను. పిల్లలు స్కూలుకి వెళ్తున్నారు కాబట్టి ఇక నర్సింగ్ చదవాలని గట్టిగా అనుకుంటున్నాను. ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళు ఏడీఎన్‌లో (రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీలో) సీటు ఇస్తామంటున్నారు. వెయిటింగ్ లిస్టు లేదు, వచ్చే టర్మ్‌లోనే క్లాసులు మొదలు. "మాది స్టేట్ అప్రూవ్డ్, మీకేం భయం లేదు" అన్నారు. అక్రిడిటేషన్ సంగతి అడిగితే "క్యాండిడేట్ స్టేజిలో ఉన్నాం, వచ్చేస్తుంది" అని మాట దాటేశారు. మావారేమో కమ్యూనిటీ కాలేజీకే ట్రై చెయ్యమంటారు. అక్కడ ఫీజు చాలా తక్కువే కానీ సీటు దొరకడం గగనం. శనివారం లోపు డిపాజిట్ కట్టాలట. ఒకటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్:
శనివారం లోపు అని తొందరపెడుతున్నారంటేనే కాస్త ఆగండి శ్రావణి గారూ. మంచి ప్రోగ్రామ్‌లకి జనమే క్యూ కడతారు, వాళ్ళు మన వెంట పడరు.

మీరు అడిగినవి రెండు వేరు వేరు సంగతులు. బోర్డు అప్రూవల్ అంటే రాష్ట్ర చట్టం ప్రకారం ఆ కాలేజీకి నర్సింగ్ కోర్సు నడిపే అనుమతి. టెక్సాస్‌లో అది ఇచ్చేది టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్. అది లేని చోట చదివితే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయనివ్వరు, లైసెన్సు రాదు. అక్రిడిటేషన్ ఇచ్చేది ప్రభుత్వం కాదు, ఫెడరల్ విద్యాశాఖ గుర్తించిన ప్రైవేట్ సంస్థలు. నర్సింగ్‌కి ముఖ్యంగా మూడున్నాయి: ఏసీఈఎన్, సీసీఎన్ఈ, ఎన్ఎల్ఎన్ వాళ్ళ సీఎన్ఈఏ. చాలా రాష్ట్రాల్లో ఇది తప్పనిసరి కాదు, అందుకే అది లేకుండానే కాలేజీలు నడుస్తుంటాయి.

ఇందులో ఒక కిటుకుంది. సీసీఎన్ఈ బ్యాచిలర్స్, ఆపై కోర్సులకే ఇస్తుంది. ఏడీఎన్ నడిపే కాలేజీ వాళ్ళు "సీసీఎన్ఈకి అప్లై చేశాం" అన్నారంటే వాళ్ళకి తెలియదన్నా అయ్యుండాలి, మీకు తెలియదనుకున్నా అయ్యుండాలి. మీ వాళ్ళు ఏ సంస్థ పేరు చెప్పారో అడగండి.

ఓక్లహోమా_అన్న:
నేను కాస్త వేరేగా చెప్తా. మా ఆవిడ చదివిన ప్రోగ్రామ్‌కి అప్పట్లో అక్రిడిటేషన్ లేదు, బోర్డు అప్రూవల్ ఒక్కటే. ఎన్‌క్లెక్స్ మొదటిసారే పాసైంది, ఇప్పుడు మెడ్ సర్జ్ (మెడికల్ సర్జికల్) వార్డులో చేస్తోంది. ఇంటర్వ్యూలో లైసెన్సు అడిగారు, బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు అడిగారు, నైట్స్ చేస్తావా అన్నారు. కాలేజీకి ఏ ముద్ర ఉందో ఎవడూ అడగలేదు. అందరూ కలిసి ఆ అమ్మాయిని భయపెట్టకండి. కమ్యూనిటీ కాలేజీ సీటు కోసం ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంటే మాత్రం నష్టం కాదా?

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్:
అన్నా, మొదటి ఉద్యోగానికి మీరన్నది నిజమే. తేడా తెలిసేది ఆ తర్వాత. మీ ఆవిడ గారు బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్) చేశారా?

ఓక్లహోమా_అన్న:
అక్కడే కొంచెం ఇబ్బంది పడింది, ఒప్పుకుంటా. అప్లై చేసిన రెండు యూనివర్సిటీలు ఆ ఏడీఎన్‌ని లెక్కలోకి తీసుకోమన్నాయి. మూడోది తీసుకుంది గానీ కొన్ని సబ్జెక్టులు మళ్ళీ చదివించింది.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్:
నేను చెప్పాలనుకున్నది అదే. ఇంకోటి కూడా. వెటరన్స్ హాస్పిటళ్ళు, అంటే వీఏలో ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేరాలంటే చదువు పూర్తయ్యే నాటికి ఆ ప్రోగ్రామ్‌కి అక్రిడిటేషన్ ఉండి తీరాలి. జీతం, సెలవులు, పెన్షన్ చూసి వీఏ కోసం ఎదురుచూసేవాళ్ళు మా ఫ్లోర్‌లో చాలామందే ఉన్నారు. నర్స్ ప్రాక్టీషనర్ కావాలన్నా మాస్టర్స్ అడ్మిషన్‌లో ముందు చూసేది బీఎస్ఎన్‌కి అక్రిడిటేషన్ ఉందా లేదా అనే.

టాంపా_అక్క:
శ్రావణీ, ఫ్లోరిడాలో ఏం జరిగిందో చదివితే నీకు నిద్ర పట్టదు, అయినా చదువు. 2023 జనవరిలో ఎఫ్‌బీఐ వాళ్ళు ఆపరేషన్ నైటింగేల్ అని బయటపెట్టారు. సౌత్ ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరుతో 7,600కి పైగా నకిలీ డిప్లొమాలు, ట్రాన్‌స్క్రిప్టులు అమ్మేశారు. 25 మంది మీద కేసులు. కొన్నవాళ్ళలో చాలామంది ఎన్‌క్లెక్స్ పాసై వేరే వేరే రాష్ట్రాల్లో ఉద్యోగాలకి కూడా చేరిపోయారు. తర్వాత ఒక్కో బోర్డు ఒక్కొక్కరి లైసెన్సు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. అవేమీ ఊరూ పేరూ లేని స్కూళ్ళు కావు, అనుమతి తీసుకుని నడిచినవే.

ఇక్కడ 2009లో చట్టం మార్చి కొత్త ప్రోగ్రామ్‌లకి దారి బాగా సులువు చేశారు, బోర్డు చేతులు కట్టేసినట్టయింది. ఆ తర్వాత వీధికో స్కూలు. 2014లో మళ్ళీ బిగించారు: కొత్తగా మొదలయ్యే ఆర్ఎన్ ప్రోగ్రామ్ ఏదైనా విద్యార్థులని చేర్చుకున్న ఐదేళ్ళలో అక్రిడిటేషన్ తెచ్చుకోవాలి, పాతవి 2019 జులై 1 లోపు తెచ్చుకోవాలి అని. కాబట్టి అక్రిడిటేషన్ తప్పనిసరి కాదు అన్న మాట అన్ని రాష్ట్రాలకీ వర్తించదు.

సైలెంట్_రీడర్:
పాస్ పర్సెంటేజీ చూసుకుంటే సరిపోదా? 90 పైన ఉంటే మంచి కాలేజీ, తక్కువుంటే కాదు. ఇంత చర్చ దేనికి?

క్లినికల్_టీచర్:
సరిపోదండీ. టెక్సాస్‌లోనే ఒక ప్రోగ్రామ్‌లో పాఠాలు చెప్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఎన్‌క్లెక్స్ పాస్ రేటు అంటే చదువు పూర్తి చేసి మొదటిసారి పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నది. మధ్యలో మానేసినవాళ్ళు అందులోకి రారు. ఉదాహరణకి 60 మంది చేరారనుకోండి. చివరి సెమిస్టర్‌లో ఒక ఎగ్జిట్ టెస్ట్ పెట్టి, స్కోరు రాని వాళ్ళందరినీ ఆపేసి, గట్టివాళ్ళు 20 మందిని మాత్రమే బయటికి పంపితే పాస్ రేటు బ్రహ్మాండంగా ఉంటుంది. మిగతా 40 మందికి మిగిలింది అప్పే. అందుకే నేనైతే ఎవరికైనా ముందు కంప్లీషన్ రేటు అడగమంటాను. అక్రిడిటేషన్ సంస్థలు దాన్ని కూడా చూస్తాయి. సీసీఎన్ఈ అయితే ఎన్‌క్లెక్స్‌కి 80 శాతం, కోర్సు పూర్తి చేసేవాళ్ళు 70 శాతం అని గీత గీసింది.

బోర్డు కూడా ఊరికే కూర్చోదు. టెక్సాస్‌లో పరీక్షా సంవత్సరం అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. మొదటిసారి రాసినవాళ్ళ పాస్ రేటు 80కి తగ్గితే ఆ ఏడాది ప్రోగ్రామ్ తనని తాను పరీక్షించుకుని రిపోర్టు ఇవ్వాలి. వరసగా రెండేళ్ళు తగ్గితే వార్నింగ్, మనుషులు తనిఖీకి వస్తారు. మూడేళ్ళయితే కండిషనల్, అంటే కొత్త అడ్మిషన్లు బంద్. అందరికీ ఇదే లెక్క అనుకోకండి. కాలిఫోర్నియాలో గీత 75 దగ్గరుంది. ఫ్లోరిడాలో జాతీయ సగటు కంటే 10 పాయింట్లు కిందికి వరసగా రెండేళ్ళు పోతే ప్రొబేషన్.

తనిఖీ అంటే ల్యాబ్‌లో బొమ్మలు మెరుస్తున్నాయా అని చూసి వెళ్ళిపోవడం కాదు. మా దగ్గరికి వచ్చినప్పుడు చూశాను. ముందు ఫ్యాకల్టీ మీటింగ్ మినిట్స్ అడిగారు. ఫార్మకాలజీలో ఎక్కువమంది ఫెయిలయ్యారని ఒక మీటింగ్‌లో రాసుకున్నాం. ఆ తర్వాత ఏం మార్చారు, మార్చాక ఫలితం ఏమైంది, అది ఏ మినిట్స్‌లో ఉంది అని ఒక్కో కాగితం పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళారు. హాస్పిటళ్ళతో ఒప్పంద పత్రాల మీద గడువు తేదీలు చూశారు. తర్వాత మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపు వేసి, విద్యార్థులతో విడిగా మాట్లాడారు. వాళ్ళు అడిగింది "క్లినికల్‌లో (హాస్పిటల్ ప్రాక్టికల్స్‌లో) మీ టీచర్ ఒక్కరికి ఎంతమంది స్టూడెంట్స్ ఉంటారు, ఆవిడ నిజంగా ఫ్లోర్ మీదే ఉంటారా" అని. మంచి ప్రోగ్రామ్‌కి ఆ గదిలో ఏం చెప్పారో అన్న భయం ఉండదు.

శ్రావణి గారూ, టెక్సాస్ బోర్డు సైటులో అప్రూవ్డ్ ప్రోగ్రామ్‌ల పట్టిక ఉంటుంది. ప్రతి పేరు పక్కన స్టేటస్ రాసుంటుంది: ఇనీషియల్, ఫుల్, ఫుల్ విత్ వార్నింగ్, కండిషనల్. ఐదేళ్ళ పాస్ రేట్లు కూడా ఉంటాయి. మీ కాలేజీ ఎక్కడుందో చూసి ఇక్కడ చెప్పండి. కాలేజీ పేరు మాత్రం రాయొద్దు.

న్యూయార్క్_బాబాయ్:
బోర్డు, బోర్డు అంటున్నారు గానీ మా న్యూయార్క్‌లో నర్సింగ్ ప్రోగ్రామ్‌ని రిజిస్టర్ చేసేది రాష్ట్ర విద్యాశాఖ. నర్సింగ్ బోర్డు సలహా ఇస్తుంది, అంతే. న్యూయార్క్, కాన్సస్ లాంటి కొన్ని రాష్ట్రాల సంస్థలకైతే నర్సింగ్ విద్య విషయంలో ఫెడరల్ విద్యాశాఖే గుర్తింపు ఇచ్చింది. రాష్ట్రం వేరు, అక్రిడిటేషన్ వేరు అన్న గీత అన్నిచోట్లా ఒకేలా ఉండదని చెప్పడానికి రాస్తున్నా.

అసలు మొదలు చూస్తే, నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం అమెరికాలో మొట్టమొదట 1903లో నార్త్ కరోలినాలో వచ్చింది. అదే ఏడాది న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా కూడా చేసేశాయి. నర్సు ఎవరో తేల్చాలంటే స్కూలు ఎలాంటిదో చూడాలి కదా, అందుకని స్కూళ్ళ తనిఖీ కూడా దాంతోపాటే పుట్టుకొచ్చింది. వందేళ్ళకి పైగా గడిచినా ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిదే.

ఇంకో మాట. 2017లో మా దగ్గర చట్టం వచ్చింది, ఆర్ఎన్ అయిన పదేళ్ళలోపు బీఎస్ఎన్ పూర్తి చెయ్యాలని. రేపు ఇటువైపు వచ్చే ఉద్దేశం ఉంటే బీఎస్ఎన్‌లో సీటు తెచ్చిపెట్టలేని ఏడీఎన్ కాళ్ళకి బంధమే.

కాలిఫోర్నియా_కోడలు:
ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి వచ్చినవాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతుంటారు కాబట్టి మాదీ ఒక మాట. మన కాలేజీలకి ఇక్కడి బోర్డు అప్రూవల్ ఉండదు కదా. అందుకని మార్కుల షీట్లు, సిలబస్, క్లినికల్ గంటలు అన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటీ పోల్చి చూస్తారు. కాలిఫోర్నియా బోర్డుకి ఒక పట్టింపు ఉంది: థియరీ, దానికి సంబంధించిన క్లినికల్ ఒకే సమయంలో జరిగి ఉండాలి. ఒక సెమిస్టర్‌లో పీడియాట్రిక్స్ పాఠం విని తర్వాత ఎప్పుడో వార్డు పోస్టింగ్ చేస్తే కుదరదు, ఆ సబ్జెక్టు మళ్ళీ చెయ్యమంటారు. నాకు ఓబీలో (ప్రసూతి సబ్జెక్టులో) అలాగే చెప్పారు. మా కాలేజీ నుంచి రొటేషన్ ప్లాన్ తెప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. క్లర్క్ గారు ఫోనెత్తితే సంతకం పెట్టాల్సిన ప్రిన్సిపాల్ మేడమ్ ఊళ్ళో ఉండరు, ఆవిడ ఉన్నప్పుడు ఈయన ఫోనెత్తరు.

వరంగల్_బీఎస్సీ:
అక్కా, అదే నా సమస్య కూడా! సీజీఎఫ్ఎన్ఎస్‌కి (విదేశీ నర్సుల చదువు సరిచూసే సంస్థకి) పంపిన పేపర్లు

మోడరేటర్:
విదేశీ డిగ్రీల మూల్యాంకనానికి వేరే థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ రాయండి. కోడలు గారు కూడా అక్కడికి వస్తే బాగుంటుంది, అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు.

డాలస్_శ్రావణి:
అందరికీ చాలా థాంక్స్. టీచర్ గారు చెప్పినట్టే బోర్డు సైటులో చూశాను. కాలేజీ పేరుంది. స్టేటస్ దగ్గర ఇనీషియల్ అని ఉంది. పాస్ రేటు గడులన్నీ ఖాళీ. ఇంకో సంగతి, పట్టికలో ఉన్నది వాళ్ళ వేరే ఊరి క్యాంపస్. నేను వెళ్ళి చూసొచ్చిన చోటు పేరు ఎక్కడా కనపడలేదు. ఇప్పుడు ఏమనుకోవాలి?

క్లినికల్_టీచర్:
ఇనీషియల్ అంటే తప్పేమీ కాదు. కొత్త ప్రోగ్రామ్ అన్నమాట, మొదటి బ్యాచ్ బయటికొచ్చి ఎన్‌క్లెక్స్‌లో గట్టెక్కాక ఫుల్ ఇస్తారు. గడులు ఖాళీగా ఉన్నది కూడా అందుకే. ఆ స్టేటస్‌లో చదివినా పరీక్ష రాయడానికి అర్హత ఉంటుంది. కొత్త ప్రోగ్రామ్ అన్నాక ఎవరో ఒకరు మొదటి బ్యాచ్ అవ్వాల్సిందే. ఆ రిస్కుకి తగ్గట్టు ఫీజైనా తక్కువుండాలి. మీ విషయంలో అది రివర్స్‌లో ఉంది.

నన్ను కలవరపెట్టేది మాత్రం క్యాంపస్ సంగతి. అనుమతి ఒక చోటికి తీసుకుని ఇంకో చోట క్లాసులు పెడితే, ఆ రెండో చోటికి కూడా బోర్డు ఒప్పుకుందా అన్నది తేలాలి. ఫోన్ చెయ్యొద్దు. బోర్డులో ఎడ్యుకేషన్ విభాగానికి మెయిల్ పెట్టండి, మీరు వెళ్ళిన అడ్రస్ రాసి "ఇక్కడ నడిచే ప్రోగ్రామ్‌కి అప్రూవల్ ఉందా" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. ఖాళీ ఉంటే బోర్డు మీటింగ్‌ల అజెండా కూడా తిరగెయ్యండి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లో మీటింగ్‌లు అవుతాయి, ఏ ప్రోగ్రామ్‌ని తనిఖీ చేశారో, ఏం లోపాలు దొరికాయో అన్నీ అందులో అందరికీ కనపడేలానే పెడతారు. చదివేవాళ్ళే తక్కువ.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్:
క్యాండిడేట్ అన్న మాటకి కూడా అంతే. ఆ హోదా అంటే దరఖాస్తు ముందుకి కదిలిందని మాత్రమే, రేపు ఇస్తారని గ్యారంటీ కాదు. ఏసీఈఎన్ సైటులో క్యాండిడేట్ల జాబితా, అక్రిడిటేషన్ వచ్చినవాళ్ళ జాబితా విడివిడిగా ఉంటాయి. పేరు ఏ జాబితాలో ఉందో చూడండి. చివరికి అది రాకపోతే మీ డిగ్రీ అక్రిడిటేషన్ లేని డిగ్రీ కిందే లెక్క.

ఇంకో చిన్న తిరకాసు. "మా కాలేజీ అక్రిడిటెడ్" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అది చాలాసార్లు మొత్తం సంస్థకి వచ్చింది అయ్యుంటుంది, ఫెడరల్ ఎయిడ్‌కి పనికొచ్చేది అదే. నర్సింగ్ ప్రోగ్రామ్‌కి విడిగా రావాల్సింది వేరు. బ్రోషర్‌లో రెండూ ఒకే వాక్యంలో కలిపి రాస్తారు, చదివేవాళ్ళకి తేడా తెలియకూడదని.

ఓక్లహోమా_అన్న:
క్యాంపస్ సంగతి విన్నాక నేను కూడా అటువైపే. అక్రిడిటేషన్ లేకపోయినా పరవాలేదన్నానే గానీ, అప్రూవలే తేలని చోట డబ్బు కట్టమని నేను చెప్పను. కానీ టీచర్ గారూ, ఒకటి అడుగుతా. ఈ అక్రిడిటేషన్ సంస్థలకి ఏటా ఫీజులు, తనిఖీకి వచ్చేవాళ్ళ ఖర్చులు అన్నీ కాలేజీలే కట్టాలి కదా? చివరికి అవి పడేది స్టూడెంట్ నెత్తినే. చిన్న ఊళ్ళో పదిహేను మందితో నడిచే మంచి ప్రోగ్రామ్‌కి అది బరువు కాదా?

క్లినికల్_టీచర్:
బరువే. ఫీజు సంగతి అలా ఉంచండి, స్వీయ అధ్యయనం రిపోర్టు రాయడానికే ఒక మనిషి ఏడాది పని పడుతుంది. నలుగురే ఫ్యాకల్టీ ఉన్న చోట ఆ మనిషి క్లినికల్‌కి వెళ్ళలేరు. కొన్ని గ్రామీణ ప్రోగ్రామ్‌లు అక్రిడిటేషన్ లేకుండా బోర్డు అప్రూవల్‌తోనే నిజాయితీగా నడుస్తున్నాయి, వాటిని నేను తక్కువ చెయ్యను. కానీ అవి శనివారం లోపు డిపాజిట్ కట్టమని ఎవర్నీ అడగవు.

టాంపా_అక్క:
శ్రావణీ, హెచ్4 అన్నావు కదా, దీని గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకో. టెక్సాస్ కాంపాక్ట్‌లో (రాష్ట్రాల మధ్య నర్సు లైసెన్సు ఒప్పందంలో) ఉంది, అంటే ఒక్క లైసెన్సుతో నలభై దాకా రాష్ట్రాల్లో పని చెయ్యొచ్చు. ఆ మల్టీస్టేట్ లైసెన్సుకి బోర్డు అప్రూవ్ చేసిన ప్రోగ్రామ్‌లో చదివి ఉండటంతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఉండాలి. ఈఏడీ (వర్క్ పర్మిట్) లేకపోతే నీకది రాదు. హెచ్4 మీద చదవడానికి అడ్డేమీ లేదు, ఉద్యోగం దగ్గరే ముడి పడేది. మీ ఆయన గ్రీన్ కార్డ్ ఏ దశలో ఉందో చూసుకుని దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకో.

డాలస్_శ్రావణి:
ఐ-140 (మావారి గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ పెట్టిన పిటిషన్) అప్రూవ్ అయింది అక్కా, ఈఏడీకి అప్లై చెయ్యాలి. ఈ వారమే లాయర్‌తో మాట్లాడతాం.

బోర్డుకి మెయిల్ పెట్టాను. కాలేజీకి కూడా మెయిల్ పెట్టాను, ఏ సంస్థ దగ్గర క్యాండిడేట్ హోదా ఉంది, ఏ తేదీన వచ్చింది, ఈ క్యాంపస్‌కి బోర్డు అనుమతి లేఖ చూపిస్తారా అని. జవాబు రాయకుండా ఆ అడ్మిషన్ ఆవిడ ఫోన్ చేశారు. "ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడుకుందాం, ముందు సీటు బ్లాక్ చేసుకోండి, డిపాజిట్ రిఫండబులే" అన్నారు. రిఫండబుల్ అయితే కట్టి ఉంచనా? సీటు పోకుండా ఉంటుంది కదా.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్:
రాసి అడిగిన ప్రశ్నకి రాసి జవాబివ్వనివాళ్ళకి డబ్బు కట్టొద్దు. రిఫండ్ ఎప్పటివరకు, ఎంత అన్నది ఎన్‌రోల్‌మెంట్ అగ్రిమెంట్‌లో రాసుంటుంది, ఆవిడ నోటి మాటలో కాదు. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ లైసెన్సు ఉన్న కెరీర్ స్కూల్ అయితే సంతకం పెట్టిన 72 గంటల్లోపు, అంటే శని, ఆదివారాలు, సెలవులు తీసేసి మూడో రోజు అర్ధరాత్రి లోపు రద్దు చేసుకుంటే కట్టినదంతా వెనక్కివ్వాలి. ఆ తర్వాత వాళ్ళ లెక్కలు మొదలవుతాయి. బోర్డు జవాబు ఆ మూడు రోజుల్లో వస్తుందని ఎవరు చెప్పగలరు?

క్లినికల్_టీచర్:
ఈలోపు ఖాళీగా ఉండకండి. చాలా ప్రోగ్రామ్‌లకి అనాటమీ అండ్ ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే చదివి ఉండాలి. మీది బీకామ్ కాబట్టి ఎలాగూ మొదటి నుంచి చెయ్యాలి. వాటిని కమ్యూనిటీ కాలేజీలో ఈ ఫాల్ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి, అక్కడి క్రెడిట్లు చాలాచోట్లకి ట్రాన్స్‌ఫర్ అవుతాయి. అవయ్యేసరికి హెసీ ఏ2 (నర్సింగ్ ప్రవేశ పరీక్ష) కూడా రాసేయొచ్చు. సీట్లు పాయింట్ల లెక్కన ఇస్తారు, సైన్స్‌లో "ఏ" గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్ళకి గగనమేమీ కాదు. ఒక్క కాలేజీనే నమ్ముకోకుండా చుట్టుపక్కల కౌంటీల్లో మూడు నాలుగు చోట్ల అప్లై చెయ్యండి. సైన్స్ క్రెడిట్లకి కొన్ని కాలేజీలు ఐదేళ్ళు, కొన్ని ఏడేళ్ళు గడువు పెడతాయి, అది చూసుకోండి.

డాలస్_శ్రావణి:
ఫాల్ రిజిస్ట్రేషన్ ఇంకా తెరిచే ఉంది, అనాటమీ ఈవెనింగ్ సెక్షన్‌లో సీట్లున్నాయి. మావారు ఆరింటికల్లా ఇంటికొస్తారు కాబట్టి అదే తీసుకుంటున్నాను. ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేస్తే నర్సింగ్ అడ్మిషన్‌కి లెక్కేస్తారా, క్యాంపస్‌కే వెళ్ళాలా?

క్లినికల్_టీచర్:
క్యాంపస్‌కే వెళ్ళండి. ఆన్‌లైన్ ల్యాబ్‌ని కొన్ని ప్రోగ్రామ్‌లు తీసుకోవు. మీరు అప్లై చెయ్యబోయే చోట్ల హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, రిజిస్టర్ అయ్యే ముందే చూసుకోండి.